కమాండ్ ప్రాంప్ట్ ఓపెన్ చెయ్యడానికి ఎన్ని దారులో, ఏది ఎప్పుడు వాడాలో

మా చిన్నాన్న వాళ్ళబ్బాయి ఇంజనీరింగ్ సెకండియర్, పోయిన నెల రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "అన్నా, రేపు జావా ల్యాబ్ ఉంది, ప్రోగ్రామ్ రాసి సేవ్ చేశా, కంపైల్ కొడితే ఫైల్ దొరకలేదంటోంది, ఫైలేమో నా కళ్ళెదురుగానే ఉంది" అని. వాడి ప్రోగ్రామ్ కరెక్టే, కొట్టిన కమాండూ కరెక్టే. కాకపోతే వాడు స్టార్ట్ మెనూలోంచి కమాండ్ ప్రాంప్ట్ ఓపెన్ చేశాడు, అది సి డ్రైవ్‌లో వాడి పేరున్న ఫోల్డర్‌లో కూర్చుంది, ప్రోగ్రామేమో డి డ్రైవ్‌లో ల్యాబ్ ఫోల్డర్‌లో ఉంది, ఆ రెండిటికీ సంబంధమే లేదు. ఆ ల్యాబ్ ఫోల్డర్‌లోంచే ఓపెన్ చేయించా, పది సెకన్లలో పనైపోయింది.

అందుకే ఇది రాస్తున్నా. కమాండ్ ప్రాంప్ట్ అంటే విండోస్‌లో కమాండ్లు టైప్ చేసి పని చేయించుకునే నల్ల విండో, పొట్టిగా సీఎండీ అంటారు. ఈ నల్ల విండో ఓపెన్ చెయ్యడానికి బోలెడు దారులున్నాయి, అన్నీ ఒకటే కదా అనుకుంటాం గానీ కాదు. కమాండ్ పనిచెయ్యలేదని కంగారుపడే వాళ్ళలో చాలామందికి అసలు తేడా కొట్టేది రెండే చోట్ల, ఒకటి ఏ ఫోల్డర్‌లో ఓపెన్ అయింది, రెండోది అడ్మిన్‌గా, అంటే సిస్టమ్‌ని మార్చే పూర్తి హక్కులతో ఓపెన్ చేశారా మామూలుగానా. ఈ రెండూ గుర్తుపెట్టుకుంటే ఏ దారి ఎప్పుడు వాడాలో మీకే తెలిసిపోతుంది.

ఫోల్డర్‌లోంచే ఓపెన్ చెయ్యడం

నేను రోజూ వాడేది ఇదే, ఎవరికి నేర్పినా ముందు ఇదే నేర్పుతా. మీ ఫైళ్ళు ఉన్న ఫోల్డర్ ఓపెన్ చెయ్యండి, పైన అడ్రస్ బార్ ఉంటుంది చూడండి, అందులో ఒకసారి క్లిక్ చేస్తే ఆ పాత్, అంటే ఫోల్డర్ చిరునామా, మొత్తం నీలం రంగులో సెలెక్ట్ అవుద్ది, దాని మీదే సీఎండీ అని మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. అంతే, సరిగ్గా ఆ ఫోల్డర్‌లోనే నల్ల విండో వచ్చేస్తుంది. మౌస్ ముట్టుకోవడం ఇష్టం లేకపోతే ఆల్ట్ నొక్కిపెట్టి డి కొడితే కర్సర్ నేరుగా అడ్రస్ బార్‌లోకి వెళ్తుంది. విండోస్ 10లోనూ 11లోనూ ఒకేలా పనిచేస్తుంది.

సి ప్రోగ్రామో జావానో పైథానో నేర్చుకునే పిల్లలకి ఇది చాలు నిజంగా. ఫోల్డర్ మారడానికి సీడీ కమాండ్ ఉంది గానీ అక్కడో చిక్కుంది, సి డ్రైవ్‌లో ఉండి సీడీ అని డి డ్రైవ్ పాత్ ఇస్తే ఎర్రర్ కూడా రాదు, ఉన్నచోటే ఉండిపోతుంది, ఎందుకో అర్థం కాదు. డ్రైవ్ మారాలంటే ముందు డి పక్కన కోలన్ పెట్టి ఎంటర్ కొట్టాలి, లేదా సీడీ తర్వాత స్లాష్ డి అని ఇచ్చి అప్పుడు పాత్ ఇవ్వాలి. ఫోల్డర్‌లోంచే ఓపెన్ చేస్తే ఈ గొడవే ఉండదు.

విండోస్ 11 అయితే ఫోల్డర్‌లో ఖాళీ చోట రైట్ క్లిక్ చేస్తే ఓపెన్ ఇన్ టెర్మినల్ అని కూడా కనిపిస్తుంది, విండోస్ 10లో షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే ఓపెన్ పవర్‌షెల్ విండో హియర్ అని వస్తుంది. అవి కూడా ఆ ఫోల్డర్‌లోనే ఓపెన్ అవుతాయి కానీ మామూలుగా వచ్చేది పవర్‌షెల్, అది సీఎండీ లాంటిదే ఇంకో కమాండ్ విండో, దాని సంగతి కింద చెప్తా. ఆఫీసులో నెట్‌వర్క్ షేర్ ఫోల్డర్‌ల మీద పనిచేసే వాళ్ళకి ఒక్క మాట, రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యే పాత్‌లో సీఎండీ కొడితే అలాంటి పాత్ నాకు కుదరదని చెప్పి విండోస్ ఫోల్డర్‌లోకి వెళ్ళిపోతుంది. అప్పుడు పుష్‌డీ అని కొట్టి ఆ షేర్ పాత్ ఇవ్వండి, అదే ఒక తాత్కాలిక డ్రైవ్ లెటర్ పెట్టుకుని లోపలికి తీసుకెళ్తుంది.

విండోస్ కీ, ఆర్

అందరికీ తెలిసిన దారి. విండోస్ కీ పట్టుకుని ఆర్ కొడితే ఎడమ పక్క కింద రన్ అని చిన్న బాక్స్ వస్తుంది, అందులో సీఎండీ కొట్టి ఎంటర్. ఐపీ అడ్రస్ చూడటం, పింగ్ కొట్టి నెట్ వస్తుందో లేదో చూడటం, ఇలాంటి ఫోల్డర్‌తో పనిలేని వాటికి ఇదే ఫాస్ట్.

చాలామంది ఇక్కడ ఒకటి చేస్తారు, రన్ బాక్స్‌లోనే నేరుగా ఐపీ అడ్రస్ చూపించే ఐపీకాన్ఫిగ్ కమాండ్ కొట్టేస్తారు, నల్ల విండో మెరుపులా వచ్చి మాయమవుద్ది, సిస్టమ్‌కి ఏదో అయిందని భయపడతారు. ఏం కాలేదు, కమాండ్ పని ముగియగానే దాని విండో కూడా మూసుకుపోయింది అంతే. ముందు సీఎండీ ఓపెన్ చేసి అందులో కొట్టండి, లేదా రన్‌లోనే సీఎండీ, స్పేస్, స్లాష్ కె, స్పేస్, ఆ తర్వాత కమాండ్ ఇవ్వండి, విండో ఆగుతుంది, తీరిగ్గా చదువుకోవచ్చు. మీరు కంపైల్ చేసిన ప్రోగ్రామ్‌ని డబుల్ క్లిక్ చేస్తే అవుట్‌పుట్ కనపడకుండా పోయేది కూడా ఇందుకే.

ఇదే రన్ బాక్స్ గురించి ఇంకో విషయం, దయచేసి ఇంట్లో వాళ్ళకి కూడా చెప్పండి. కొన్ని మోసపు వెబ్‌సైట్లు మీరు రోబో కాదని నిరూపించుకోండి అని ఒక పేజీ చూపించి, విండోస్ కీ ఆర్ నొక్కండి, కంట్రోల్ వి నొక్కండి, ఎంటర్ నొక్కండి అంటాయి. మీకు తెలియకుండానే ఆ పేజీ ఒక కమాండ్‌ని క్లిప్‌బోర్డ్‌లోకి కాపీ చేసేసి ఉంటుంది, మీ చేత్తో మీరే దాన్ని నడిపిస్తారు, అది వైరస్ దించుకుని బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు పట్టుకుపోతుంది. 2024 నుంచి ఇది బాగా పెరిగింది, దీన్ని క్లిక్‌ఫిక్స్ అంటున్నారు. నిజమైన క్యాప్చా ఏదీ ఎప్పటికీ రన్ బాక్స్ ఓపెన్ చెయ్యమనదు. అలాగే ఫోన్ చేసి మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, నల్ల విండో ఓపెన్ చేసి అసోక్ అని కొట్టండి, అందులో కనిపించే పొడుగు నంబర్ మీ కంప్యూటర్ ఐడీ అని చదివి వినిపించేవాడు కూడా దొంగే. ఆ నంబర్ ప్రపంచంలో ప్రతి విండోస్ సిస్టమ్‌లోనూ ఒకటే ఉంటుంది, మీ ఒక్కరిది కాదు. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి ఇంట్లో పెద్దవాళ్ళే ల్యాప్‌టాప్ వాడుకుంటున్న ఇళ్ళల్లో ఇది ముందే చెప్పి పెట్టడం చాలా అవసరం.

అడ్మిన్‌గా కావాలంటే

సిస్టమ్ ఫైళ్ళు రిపేర్ చేసే ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ, డిస్క్ చెక్ చేసి సరిచేసే చెక్‌డిస్క్, ఇలాంటివి మామూలు విండోలో కొడితే ఒప్పుకోవు, మీరు అడ్మినిస్ట్రేటర్ అయ్యుండాలి అంటాయి. మీ అకౌంట్ అడ్మిన్ అకౌంటే అయినా సరే, విండోని కూడా విడిగా అడ్మిన్‌గా ఓపెన్ చెయ్యాలి, ఇది చాలామందికి తెలీదు.

స్టార్ట్ నొక్కి సీఎండీ అని టైప్ చెయ్యండి, కమాండ్ ప్రాంప్ట్ కనిపిస్తుంది, దాని మీద రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఇవ్వండి. లేదంటే రైట్ క్లిక్ కూడా అక్కర్లేదు, టైప్ చేశాక మామూలు ఎంటర్ బదులు కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొడితే అడ్మిన్‌గానే వస్తుంది, రన్ బాక్స్‌లో కూడా ఇదే పనిచేస్తుంది. మధ్యలో స్క్రీన్ మసకబారి ఎస్ ఆర్ నో అని అడుగుతుంది, ఎస్ ఇవ్వాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే అక్కడ పాస్‌వర్డ్ అడగొచ్చు, అప్పుడు మీ ఐటీ వాళ్ళని అడగడం తప్ప ఇంకో దారి లేదు.

వచ్చింది అడ్మిన్ విండోనా కాదా అని చూడాలంటే టైటిల్‌లో అడ్మినిస్ట్రేటర్ అని ఉంటుంది, పైగా అది మీ పేరున్న ఫోల్డర్‌లో కాకుండా సిస్టమ్32 ఫోల్డర్‌లో ఓపెన్ అవుద్ది. అందుకే అడ్మిన్ విండోలో ఫైళ్ళు డిలీట్ చేసే కమాండ్లు కొట్టేముందు పాత్ ఒకసారి కచ్చితంగా చూసుకోండి, విండోస్ ప్రాణమంతా ఆ ఫోల్డర్‌లోనే ఉంటుంది. మామూలు పనులకి అడ్మిన్ విండో వాడొద్దనే నా సలహా.

రోజూ అడ్మిన్‌గా వాడే పనుంటే డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి న్యూ, షార్ట్‌కట్ ఇచ్చి అందులో సీఎండీ అని కొట్టి ఒక ఐకాన్ పెట్టుకోండి, దాని ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్ళి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ టిక్ పెడితే ప్రతిసారీ అలాగే వస్తుంది.

సీఎండీ అనుకుంటే పవర్‌షెల్ వచ్చిందేంటి

విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కితే స్టార్ట్ బటన్ దగ్గర ఒక మెనూ వస్తుంది, పాత వాళ్ళకి బాగా అలవాటైన మెనూ. అందులో ఇదివరకు కమాండ్ ప్రాంప్ట్ ఉండేది, 2017లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్‌తో దాని చోట పవర్‌షెల్ పెట్టారు, విండోస్ 11లో టెర్మినల్ అని ఉంటుంది. టెర్మినల్ అంటే అదేదో కొత్త భాష కాదు, సీఎండీనీ పవర్‌షెల్‌నీ ట్యాబ్‌లుగా చూపించే పెట్టె లాంటిది, బ్రౌజర్‌లో ట్యాబ్‌లున్నట్టు. పైన ప్లస్ గుర్తు పక్కన కిందికి చూసే బాణం నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ అని కనిపిస్తుంది. ఎప్పుడూ సీఎండీయే రావాలంటే సెట్టింగ్స్‌లో స్టార్టప్‌లో డిఫాల్ట్ ప్రొఫైల్ మార్చుకోవచ్చు.

లైన్ మొదట్లో పీఎస్ అని ఉంటే మీరు పవర్‌షెల్‌లో ఉన్నారని అర్థం. చాలా కమాండ్లు రెండిట్లోనూ పనిచేస్తాయి గానీ కొన్ని చెయ్యవు, ఉదాహరణకి డిర్ పక్కన స్లాష్ ఎస్ ఇస్తే సీఎండీలో లోపలి ఫోల్డర్‌లు కూడా చూపిస్తుంది, పవర్‌షెల్‌లో ఎర్ర అక్షరాలతో ఎర్రర్ ఇస్తుంది. ఎక్కడో సీఎండీ కోసం రాసిన స్టెప్స్ ఫాలో అవుతూ ఇలా ఇరుక్కుంటే విండో మూసి మళ్ళీ ఓపెన్ చెయ్యక్కర్లేదు, ఆ పవర్‌షెల్‌లోనే సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కితే అదే విండోలో అదే ఫోల్డర్‌లో సీఎండీ అయిపోద్ది. వెనక్కి రావాలంటే ఎగ్జిట్ కొట్టాలి.

డెస్క్‌టాపే రానప్పుడు

స్క్రీన్ నల్లగా ఉండి మౌస్ బాణం ఒక్కటే కదులుతుంటే, లేదా టాస్క్‌బార్ బిగుసుకుపోతే, కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్ నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో రన్ న్యూ టాస్క్ అని ఉంటుంది, పాత వెర్షన్‌లలో ఫైల్ మెనూ కింద ఉంటుంది, అక్కడ సీఎండీ కొట్టొచ్చు, కింద అడ్మిన్ టిక్ బాక్స్ కూడా ఉంటుంది. డెస్క్‌టాప్ తిరిగి రావడానికైతే అక్కడే ఎక్స్‌ప్లోరర్ అని కొట్టి చూడండి, చాలాసార్లు వచ్చేస్తుంది.

విండోసే లోడ్ కాకపోతే దాన్ని బాగుచేసుకునే రికవరీ స్క్రీన్‌లోకి వెళ్ళాలి. లాగిన్ స్క్రీన్ దాకా వస్తుంటే అక్కడ పవర్ గుర్తు నొక్కి షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ ఇవ్వండి, అది కూడా రాకపోతే బూట్ రెండు మూడుసార్లు ఫెయిలయ్యాక విండోస్ తనంతట తనే ఆ నీలం స్క్రీన్‌కి తెస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్, ఇదీ వరస. విండోస్ ఇన్‌స్టాల్ చేసే పెన్ డ్రైవ్ ఉంటే దాంతో బూట్ చేసి మొదటి స్క్రీన్‌లోనే షిఫ్ట్ ఎఫ్10 కొట్టినా వస్తుంది, కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా కలపాలి. డ్రైవ్‌కి బిట్‌లాకర్, అంటే డేటాకి తాళం వేసే విండోస్ ఏర్పాటు, ఉంటే 48 అంకెల రికవరీ కీ కావాలి, ఈమధ్య ల్యాప్‌టాప్‌లలో అది మనకి తెలియకుండానే ఆన్ అయ్యుంటుంది, కీ మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయ్యుంటుంది, సిస్టమ్ బాగున్నప్పుడే ఒకసారి చూసి కాగితం మీద రాసి దాచుకోండి.

ఇక్కడ ఓపెన్ అయ్యే విండో ఎక్స్ అనే డ్రైవ్‌లో ఉంటుంది, కంగారుపడొద్దు, అది రికవరీ తనకోసం పెట్టుకున్నది. మీ సి డ్రైవ్ ఇక్కడ డి గానో ఇ గానో కనిపించొచ్చు, కాబట్టి సి అనుకుని గుడ్డిగా కమాండ్లు కొట్టకండి. డిస్క్‌పార్ట్ అని కొట్టి, ఆ తర్వాత లిస్ట్ వాల్యూమ్ అని కొడితే ఏ లెటర్ ఎంత సైజో చూపిస్తుంది, చూసుకుని ఎగ్జిట్ కొట్టి బయటికి వచ్చెయ్యండి, డిస్క్‌పార్ట్‌లో ఇంకేం ముట్టుకోవద్దు, అందులో ఒక్క తప్పు కమాండ్‌కి డ్రైవ్ మొత్తం ఖాళీ అవుద్ది.

ఫార్మాట్ తప్పదు అనే పరిస్థితి వస్తే ముందు ఇది చెయ్యండి. పెన్ డ్రైవ్ పెట్టి, ఈ నల్ల విండోలో నోట్‌ప్యాడ్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. నోట్‌ప్యాడ్ వస్తుంది, అందులో ఫైల్, ఓపెన్ ఇచ్చి కింద ఆల్ ఫైల్స్ అని మార్చండి. ఆ ఓపెన్ బాక్స్‌లో మీ డ్రైవ్‌లన్నీ కనిపిస్తాయి, యూజర్స్‌లో మీ పేరున్న ఫోల్డర్‌లోకి వెళ్ళి ఫోటోలు, డాక్యుమెంట్లు ఉన్న ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ ఇచ్చి, అదే బాక్స్‌లో పెన్ డ్రైవ్‌లోకి వెళ్ళి పేస్ట్ చెయ్యండి. ఎంత కాపీ అయిందో చూపించే బార్ ఏదీ రాదు, బాక్స్ కాసేపు బిగుసుకుపోయినట్టు ఉంటుంది, మధ్యలో పెన్ డ్రైవ్ పీకెయ్యకుండా ఓపిగ్గా ఉండండి. అయ్యాక పెన్ డ్రైవ్‌ని ఇంకో కంప్యూటర్‌లో పెట్టి నాలుగు ఫోటోలు తెరిచి చూసుకుని, అప్పుడు ఫార్మాట్ మొదలుపెట్టండి.