వారిసు సర్టిఫికెట్ చేతిలో ఉన్నా ఇల్లు ఎందుకు అమ్ముడుపోవడం లేదు?

నాన్న పోయారు, వీలునామా రాయలేదు. చెన్నైలో ఒక ఇల్లు, ఒకటో రెండో బ్యాంకు ఖాతాలు ఉన్నాయి. డెత్ సర్టిఫికెట్, వారసులెవరో చూపిస్తూ తహసీల్దారు ఇచ్చిన వారిసు సర్టిఫికెట్ మీ దగ్గర ఉన్నాయనే అనుకుంటున్నాను. లేకపోతే ముందు ఇ-సేవై కేంద్రానికి (తమిళనాడు ప్రభుత్వ సేవల కేంద్రం) వెళ్ళి రండి.

వకీలుకు ఫోన్ చేసేముందు ఇంటి దస్తావేజు తీసి, కొన్నవారి పేర్లు ఒకసారి చదవండి. ఎంత చెప్పినా ఈ పని ఎవరూ చెయ్యరు. అమ్మ పేరు కూడా ఉండి, వాటాలు వేరుగా రాయకపోతే మామూలుగా సగం ఇల్లు మొదటినుంచీ ఆమెదే. పంపకానికి వచ్చేది నాన్న సగం మాత్రమే. పనిలో పనిగా రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు టీఎన్‌రెజినెట్‌లో ఈసీ (ఇంటిమీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) కూడా చూసుకోండి. ఎప్పుడో తీరిపోయిన లోను తాకట్టు అందులో ఇంకా కనిపిస్తూ ఉండొచ్చు.

సమస్య: "ఈ పేరూ ఆ పేరూ ఒకటి కాదు" అంటున్నారు.

చెన్నైలో ఉన్న మన తెలుగువాళ్ళకు ఇది మామూలే. ఊళ్ళో పుట్టిన కాగితాల్లో ఇంటిపేరు అక్షరం, ఇక్కడ తీసిన కాగితాల్లో తండ్రి పేరు అక్షరం. దస్తావేజులో కె. సుబ్బారావు, ఆధార్‌లో వి. సుబ్బారావు. అఫిడవిట్‌తో కొన్నిచోట్ల పని జరుగుతుంది. కానీ తప్పు డెత్ సర్టిఫికెట్‌లోనే ఉంటే ముందు కార్పొరేషన్‌లో దాన్ని సరిచేయించండి. వారిసు సర్టిఫికెట్‌లో పేరు దాన్నిబట్టే పడుతుంది.

సమస్య: నామినీని నేనే, అయినా తమ్ముడు వాటా అడుగుతున్నాడు.

అడుగుతాడు మరి. నామినీ డబ్బు చేతికి తీసుకునే మనిషే గాని సొంతదారు కాదు. బ్యాంకు డిపాజిట్ల విషయంలో 2010లో, షేర్ల విషయంలో 2023లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. నామినీ లేని డిపాజిట్లకూ షేర్లకూ కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ అడగొచ్చు. ఇంటికి కూడా అది కావాలని ఎవరైనా అంటే ఇంకో వకీలును చూసుకోండి.

సమస్య: బేరం కుదిరింది, అడ్వాన్సు అందింది, కొనేవారి బ్యాంకు లాయరు మాత్రం ఒప్పుకోవడం లేదు.

ఆయన పంపిన కాగితంలో కింద ఒక వాక్యం ఉంటుంది: "మరణించినవారి తల్లి మరణ ధ్రువపత్రం జతచేయవలెను." దాన్ని పట్టించుకోకుండా పట్టా కాపీలు మళ్ళీ మళ్ళీ పంపేవాళ్ళను చాలామందిని చూశాను. ఆగిందే అక్కడ.

1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగవాడు వీలునామా రాయకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్ళతో సమానంగా అతని తల్లికీ వాటా ఉంది. తండ్రికి లేదు, తల్లికి ఉంది. నాన్న పోయిన రోజున ఎవరెవరు బతికున్నారన్నదే లెక్క, సర్టిఫికెట్ తీసిన రోజున కాదు. అప్పుడు నాయనమ్మ గూడూరులో బాబాయి దగ్గర ఉందనుకోండి. దరఖాస్తులో మీరామె పేరు రాయలేదు. విచారణకు వచ్చిన వీఏఓ (గ్రామ పాలనాధికారి) పక్కింటివాళ్ళను అడిగారు. గూడూరులో ఉన్న ముసలావిడ సంగతి వాళ్ళకేం తెలుసు?

నాన్న సొంత సంపాదనతో కొన్న ఇల్లనుకోండి. అమ్మ, మీరు, చెల్లెలు, నాయనమ్మ, తలా నాలుగో వంతు. తర్వాత నాయనమ్మ కూడా వీలునామా లేకుండా పోయింది. ఆ నాలుగో వంతు మొత్తం మీకు తిరిగి రాదు. తాత అంతకుముందే పోయి, బాబాయి, మేనత్త ఉంటే అది మూడు ముక్కలవుతుంది. ఒకటి బాబాయికి, ఒకటి మేనత్తకు, ఒకటి నాన్న తరఫున మీకూ చెల్లెలికీ కలిపి. అంటే ఎన్నడూ చెన్నై ఇంటి గడప తొక్కని మేనత్తకు అందులో పన్నెండో వంతు ఉంది. ఆమె సంతకం లేకుండా ఏ బ్యాంకు లాయరూ కదలడు.

నాయనమ్మ ఇంకా ఉంటే వారిసు సర్టిఫికెట్‌లో ఆమె పేరు చేర్పించి, రిలీజ్ డీడ్ (వాటా వదులుకునే దస్తావేజు) రాయించి రిజిస్టరు చేయించండి. ఈ వారంలోనే చేయించండి. "నాకేమీ వద్దు" అని తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే ఇంటి విషయంలో అది చెల్లదు. ప్రయాణం చెయ్యలేకపోతే ఆమె ఉన్న ఊరి సబ్‌రిజిస్ట్రార్ దగ్గర పవర్ ఆఫ్ అటార్నీ ఇప్పించొచ్చు. ఆమె పోయి ఉంటే ఆమె వారసులందరూ రిలీజ్ ఇవ్వాలి, లేదా అమ్మకం దస్తావేజులో సంతకాలు పెట్టి తమ వంతు తీసుకోవాలి. బాబాయిని అడ్వాన్సు తీసుకోకముందే కలవండి, తర్వాతైతే మాట వేరుగా ఉంటుంది.

నాన్నకంటే ముందే ఆమె పోయి ఉంటే వాటా గొడవే లేదు, రుజువు చాలు. ఊళ్ళో అప్పట్లో నమోదు చేయించకపోతే, ఏడాది దాటింది కాబట్టి ఆర్డీఓ ఉత్తర్వుతో ఇప్పుడు చేయించాలి. ఇక పోయింది అమ్మ అయితే, పిల్లలుండగా అమ్మమ్మకు వాటా రాదు, ఈ చిక్కే ఉండదు.

వారసుల్లో మైనరు ఉంటే ఆ వాటా అమ్మడానికి కోర్టు అనుమతి కావాలి. దత్తత, రెండో పెళ్ళి, ఏళ్ళ తరబడి జాడలేని అన్న లాంటివి అరుదు. అవి ఉంటే నేరుగా వకీలు దగ్గరకే వెళ్ళండి. క్రైస్తవులకు, ముస్లింలకు వాటాల లెక్క వేరు, పైన చెప్పిన వంతులు వాళ్ళకు వర్తించవు.