జీడాల్ పైథాన్ బైండింగ్ మొరాయిస్తే: సమస్య - పరిష్కారం

క్యూజీఐఎస్ (మ్యాపుల సాఫ్ట్‌వేర్) ప్లగిన్ రాసి, దాని కోసం పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే పిప్‌తో జీడాల్ (మ్యాపు డేటాను చదివి, రాసే లైబ్రరీ) ఎక్కించబోతే ఎక్కువగా ఎదురయ్యే సమస్యలు ఇవి. పిప్ తెచ్చేది అసలు జీడాల్ లైబ్రరీని కాదు, పైథాన్‌ని దానితో కలిపే బైండింగ్‌ను మాత్రమే. ఆ బైండింగ్ సోర్స్ కోడ్‌గా వచ్చి, మన కంప్యూటర్‌లోనే కంపైల్ అవుతుంది. గొడవంతా ఇక్కడే మొదలవుతుంది.

సమస్య: "జీడాల్-కాన్ఫిగ్ (లైబ్రరీ వివరాలు చెప్పే కమాండ్) దొరకలేదు" అంటుంది, లేదా ఉన్న లైబ్రరీ పాతదని ఆగిపోతుంది.
కారణం: మొదటిదైతే కంపైల్‌కి కావాల్సిన ఫైళ్లుండే డెవలప్‌మెంట్ ప్యాకేజీ లేదు. ఉబుంటు, డెబియన్‌లలో దాని పేరు లిబ్‌జీడాల్-డెవ్. రెండోదైతే వెర్షన్ తేడా. ఉబుంటు 24.04లో లైబ్రరీ 3.8.4 ఉంటే, పిప్ తనకు దొరికిన కొత్త బైండింగ్‌ను తెస్తుంది.
పరిష్కారం: మొదటిదైతే ఆ ప్యాకేజీని ఎక్కించండి. రెండోదైతే జీడాల్-కాన్ఫిగ్‌ని వెర్షన్ అడిగి, పిప్‌కి అదే నంబర్ ఇవ్వండి.

సమస్య: ఇన్‌స్టాల్ సాఫీగా అయింది. జీడాల్ ఇంపోర్ట్ కూడా అవుతోంది. కానీ రాస్టర్‌ని (గడుల రూపంలోని మ్యాపు డేటాను) నమ్‌పై (అంకెల లెక్కల పైథాన్ లైబ్రరీ) అర్రేగా చదవబోతే జీడాల్-అర్రే మాడ్యూల్ లేదంటుంది.
కారణం: కంపైల్ అయ్యే సమయంలో నమ్‌పై కనిపించలేదు. మీ ఎన్విరాన్‌మెంట్‌లో నమ్‌పై ఉన్నా లాభం లేదు. పిప్ బిల్డ్‌ని విడిగా, ఖాళీ చోట చేస్తుంది. 3.8 లాంటి పాత బైండింగ్‌లలో నమ్‌పై లేకపోతే ఎర్రర్ ఇవ్వకుండా ఆ భాగాన్ని వదిలేస్తుంది. ఆగిపోయినా బాగుండేది, మనకు వెంటనే తెలిసేది!
పరిష్కారం: ముందు నమ్‌పై, సెటప్‌టూల్స్, వీల్ ఎక్కించండి. 3.8 బైండింగ్‌కైతే నమ్‌పై 1 వరుసలోనిదే క్షేమం. తర్వాత పిప్‌కి నో-బిల్డ్-ఐసొలేషన్, నో-క్యాష్-డిర్, ఫోర్స్-రీఇన్‌స్టాల్, నో-డెప్స్ ఆప్షన్లు ఇచ్చి జీడాల్‌ని మళ్లీ కట్టించండి. క్యాష్ ఆప్షన్ మరిస్తే పిప్ పాత వీల్‌నే (ముందే కట్టి దాచుకున్న ప్యాకేజీనే) తీసి పెడుతుంది. అన్నీ సరిచేశాక కూడా అదే ఎర్రర్ వస్తే ముందు దీన్నే అనుమానించండి.

సమస్య: ప్లగిన్ ఆన్ చేయగానే క్యూజీఐఎస్ క్రాష్, లేదా విండోస్‌లో డీఎల్ఎల్ ఎర్రర్.
కారణం: చాలాసార్లు ఒకే ప్రాసెస్‌లో రెండు జీడాల్‌లు ఉండటం. రాస్టర్‌లు చదివే రాస్టీరియో అనే లైబ్రరీ వీల్ కూడా తన జీడాల్‌ని వెంట తెచ్చుకుంటుంది.
పరిష్కారం: ప్లగిన్ డిపెండెన్సీల నుంచి జీడాల్‌ని తీసేయండి. క్యూజీఐఎస్‌తో వచ్చినదే వాడండి. విండోస్‌లో పిప్ తప్పనిసరైతే క్యూజీఐఎస్‌తో పాటు వచ్చే ఓఎస్‌జియో4డబ్ల్యూ షెల్‌లోంచే (కమాండ్ విండో) నడపండి, బయటి పైథాన్‌తో వద్దు.