నోటితో గడగడ చెప్పే పిల్లలు పుస్తకం చదవలేకపోతే ఇలా మొదలుపెట్టండి

నేను హనుమకొండలో ఐదో తరగతి పిల్లలకు చదువు చెప్తాను. మేడారం జాతర సంగతులు నోటితో అడిగితే పూసగుచ్చినట్టు చెప్పి, అదే పాఠం చదవమంటే రెండో అక్షరం దగ్గర ఆగిపోయే పిల్లలు ఏటా ఒకరిద్దరు కనిపిస్తారు. అది డిస్లెక్సియా అనే చదువు ఇబ్బంది కావచ్చు. దయచేసి వాళ్లను మొద్దులనకండి, ఇంపోజిషన్లు రాయించకండి. నేను ఒకప్పుడు రాయించాను, అది తప్పు.

ముందు కళ్లు, చెవులు డాక్టరుకు చూపించండి. అవి బాగానే ఉన్నాయంటే కళ్లద్దాలతో పని జరగదు. ఈ ఇబ్బంది విషయంలో శాస్త్రం కూడా చాలాకాలం చూపు చుట్టూనే తిరిగింది. 1877లో జర్మన్ డాక్టర్ కుస్‌మౌల్ పెట్టిన పేరే 'పదాంధత్వం', అంటే చూపు ఉన్నా రాసిన మాటను చదవలేకపోవడం. 1896లో ఇంగ్లండ్ డాక్టర్ ప్రింగిల్ మోర్గాన్ 14 ఏళ్ల అబ్బాయి గురించి రాశాడు, చదువంతా నోటితోనే అయితే బడిలో వాడే ఫస్టని ఆ పిల్లాడి మాస్టారు అన్నాడట! 1925లో అమెరికాలో డాక్టర్ ఆర్టన్ అయితే మెదడులో అక్షరాల బొమ్మలు తిరగబడటం వల్లే అనుకున్నాడు. 1970ల నుంచి వచ్చిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, ఎక్కువ మందికి చిక్కు మాటను శబ్దాలుగా విడగొట్టడంలో ఉంది.

అందుకే పుస్తకం మూసేసి ఆడించండి. 'బతుకమ్మ'లో మొదటి అక్షరం తీసెయ్ అంటే 'తుకమ్మ' అని చాలామంది చెప్పేస్తారు. తర్వాత 'పాట'లో 'ప' తీసి 'మ' పెట్టమనండి. ఇక్కడే కొందరు 'మట' అంటారు, దీర్ఘం జారిపోతుంది. అంటే గుణింతం పలక మీద కన్నా ముందు చెవిలో కుదరాలన్నమాట. మాట, బాట, వాట... ఇలా రోజూ నోటితోనే.

అది కుదిరాక పళ్లెంలో బియ్యప్పిండి పరచండి. వేలితో 'క' దిద్దుతూ పైకి పలకాలి, తలకట్టు చెరిపి గుడి పెట్టగానే 'కి' అనాలి. చూడటం, పలకడం, దిద్దడం మూడూ ఒకేసారి జరగాలి, ఆర్టన్, ఆయనతో పనిచేసిన టీచర్ ఆనా గిల్లింగ్‌హామ్ చూపిన దారి ఇదే. పది నిమిషాలు చాలు, విసుగు రాకముందే ఆపండి. ఒత్తులకు తొందరపడొద్దు.

కొన్ని నెలలైనా మార్పు లేకపోతే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. 1963లో అమెరికా సైకాలజిస్టు శామ్యూల్ కిర్క్ షికాగోలో తల్లిదండ్రుల సభలో వాడాక 'లెర్నింగ్ డిజబిలిటీ' (నేర్చుకోవడంలో ఇబ్బంది) అనే మాట జనంలోకి వచ్చింది, మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోనూ ఇది ఉంది. పరీక్షల్లో అదనపు సమయం అడగాలంటే సర్టిఫికెట్ కావాలి, కాబట్టి పదో తరగతి దాకా ఆగకండి. వెళ్లేటప్పుడు పాత నోట్‌బుక్కులు ఎర్ర ఇంకు దిద్దుబాట్లతో సహా తీసుకెళ్లండి, పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో సైకాలజిస్టుకు అందులోనే దొరుకుతుంది.