ఇంజిన్ పని చేయిస్తున్నారా? క్రాంకు లోపలి ఆయిల్ దారిలో బ్రష్ దూర్చాకే బిగించనివ్వండి

పోయిన నెల మా మేనమామ అంబాసిడర్ ములుగు రోడ్డు మీద ఆత్మకూరు దాటాక ఆగిపోయింది. ఇంజిన్ పని చేయించి పన్నెండు రోజులే. సిలిండర్లు బోరు చేయించారు, పిస్టన్లు, బేరింగులు కొత్తవి వేశారు, ఆయిల్ కూడా నిండుగా ఉంది. ముందు కింది నుంచి సన్నగా టకటక వినిపించిందట. తర్వాత ఆయిల్ లైట్ మిణుకుమంది. బండి పక్కకు తీసేలోపే ఇంజిన్ పట్టేసింది. చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పి చూస్తే, కనెక్టింగ్ రాడ్డు క్రాంకుకు పట్టే చోట ఉండే బిగ్ ఎండ్ బేరింగుల మీది బూడిద రంగు పొర లేచిపోయి రాగి కనిపిస్తోంది. వేలితో రాస్తే గరుగ్గా తగిలింది. క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగ్ చేసినప్పటి పొడి అది.

పని చేసిన మేస్త్రీని అడిగితే ఒకటే మాట: "గాలి కొట్టినం కదన్నా." ఇలా పోయిన ఇంజిన్లు నేను ఇంతకుముందు మూడు చూశాను. ప్రతిసారీ ఇదే జవాబు విన్నాను. ఎండలు ముదిరేలోపు పాత బండ్లను షెడ్డుకు ఇస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే రాస్తున్నాను.

పంపు చాంబర్ నుంచి ఆయిల్ లాగి ఫిల్టర్‌కు పంపుతుంది. అక్కడి నుంచి అది బ్లాకులోని ఆయిల్ దారి అయిన గ్యాలరీలోకి, తర్వాత క్రాంకును మోసే మెయిన్ బేరింగులకు వెళ్తుంది. మెయిన్ నుంచి బిగ్ ఎండ్‌కు వెళ్లే దారి క్రాంకు లోపల ఏటవాలుగా తొలిచిన సన్నటి రంధ్రమే. ఫిల్టర్ ఈ రంధ్రానికి ముందే ఉంది. అంటే క్రాంకు లోపల మిగిలిన పొడిని ఆపడానికి మధ్యలో ఏదీ లేదు. కొత్త ఫిల్టర్ వేశామన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. మొదటిసారి స్టార్ట్ చేయగానే ఆ పొడి నేరుగా కొత్త బేరింగు మీదికే పోతుంది.

గాలి పైపైన వదులుగా ఉన్నదాన్నే ఎగరగొడుతుంది. పాత ఆయిల్ జిడ్డులో అతుక్కున్న పొడి కదలదు. గాలి కొడితే చాలదు, బ్రష్ దూరాలి. రంధ్రానికి సరిపడే పొడవాటి నైలాన్ బ్రష్ కిరోసిన్‌లో ముంచి ఈ చివర నుంచి ఆ చివరకు తోయాలి. తెల్లటి గుడ్డకు మరక అంటనంత వరకు తోస్తూనే ఉండాలి. తర్వాత సబ్బు కలిపిన వేడినీళ్లతో కడిగి, అప్పుడు గాలి కొట్టి, తుప్పు పట్టకుండా వెంటనే ఆయిల్ రాయాలి. కొన్ని క్రాంకులకు రంధ్రం చివర చిన్న ప్లగ్గు ఉంటుంది. దాన్ని తీయకపోతే వెనకాల పేరుకున్న మడ్డి అలాగే ఉండిపోతుంది. బ్లాకు గ్యాలరీ ప్లగ్గులదీ ఇదే సంగతి. తీసినవన్నీ లెక్కపెట్టుకోండి. లోపలి ప్లగ్గు ఒక్కటి తిరిగి బిగించడం మరిచినా ప్రెషర్ నిలబడదు.

లేత్ షాపు నుంచి క్రాంకు వచ్చినప్పుడు ఆయిల్ రంధ్రం అంచును గోటితో తడిమి చూడండి. కోసుకునేలా ఉంటే బేరింగును గీకుతుంది, నున్నగా చేయించండి. క్రాంకు పది సైజుకు (పది థౌ తక్కువకు; థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) గ్రైండ్ చేస్తే బేరింగు వెనక ముద్ర కూడా పది సైజే ఉండాలి. బేరింగులో తిరిగే రెండు అంగుళాల జర్నల్‌కు సుమారు రెండు థౌ సందు సరిపోతుంది. అంతకన్నా బాగా వదులైతే ఆయిల్ పక్కల నుంచి కారిపోయి ప్రెషర్ పడిపోతుంది, ఎండకు ఆయిల్ పలచబడ్డాక మరీను.

ఇక బిగించే రోజు.

బేరింగు రంధ్రం, బ్లాకు రంధ్రం ఎదురెదురుగా ఉన్నాయా? టార్చ్ వేసి చూడండి.

గ్యాస్కెట్ పేస్ట్ సన్నటి గీతలా పెట్టించండి. ఎక్కువైతే లోపలికి పిండుకుని, ఊడిన ముక్క, పంపు ముందు ఆయిల్ వడగట్టే స్ట్రైనర్‌కు అడ్డం పడుతుంది.

చాంబర్ మూసేముందు స్ట్రైనర్ మీరే చూడండి.

గేర్ పంపులో వ్యాస్‌లీన్ నింపండి. ఎండిపోయిన పంపు మొదట్లో ఆయిల్ లాగలేదు.

స్పార్క్ ప్లగ్గులు విప్పి, కాయిల్ వైరు తీసి, ఆయిల్ లైట్ ఆరేదాకా ఆగి ఆగి సెల్ఫ్ కొట్టండి. ఆ తర్వాతే స్టార్ట్.

స్టార్ట్ చేశాక పది సెకన్లలో ప్రెషర్ రాకపోతే ఆపేయండి. రేస్ చేస్తే వస్తుందని ఎవరన్నా వినకండి.

తాళం మీ దగ్గరే పెట్టుకోండి.

మొదటి ఆయిల్ 500 కిలోమీటర్లలోపే మార్చండి. పాత ఫిల్టర్ కోయించి మడతల్లో మెరిసే పొడి ఉందేమో చూడండి.

మొదటి వారం హన్మకొండ, కాజీపేట దాటొద్దు. మేడారం అసలే వద్దు.

దారిలో ఆయిల్ లైట్ వెలిగితే అక్కడే ఆపండి. ట్రాక్టర్‌కు కట్టి లాగించుకోండి.

మేస్త్రీ "గాలి కొట్టినం" అంటే బ్రష్ అడగండి. బ్రష్ లేదంటే ఆ రోజు క్రాంకు ఎక్కించనివ్వకండి.