రోజూ రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కారుకు రేసింగ్ సీటును ఎంచుకోవడం ఎలా?

హన్మకొండ నుంచి హైదరాబాదుకు వెళ్లి రావడమంటే దాదాపు 300 కిలోమీటర్లు. మొదటిసారి నా కారుకు బకెట్ సీటు, అంటే ఒంటిని ఇరుపక్కలా పట్టి ఉంచే రేసింగ్ సీటు, బిగించుకుని ఆ దారి పట్టినప్పుడు జనగామ చేరేసరికే కుడి తొడ తిమ్మిరెక్కింది. ఆలేరులో దిగి నడుం పట్టుకుని కాసేపు నిలబడవలసి వచ్చింది. సీటు నాసిరకంది కాదు. ఎర్ర దారంతో కుట్టిన అంచులు చూసి మురిసి, నాకంటే సన్నని మనిషికి సరిపోయే కొలత కొనుక్కోవడమే అసలు పొరపాటు.

రేసు కారులో సీటు ఒంటరిగా పనిచేయదు. నడిపేవారి తలకు హెల్మెట్, మెడకు రక్షణ పరికరం, ఒంటికి ఆరు పట్టీల హార్నెస్ (భుజాలను, నడుమును సీటుకు కట్టి ఉంచే పట్టీల అల్లిక), చుట్టూ ఉక్కు గొట్టాల పంజరం ఉంటాయి. వాటన్నింటితో కలిసి పనిచేయడానికే ఆ సీటును తయారుచేస్తారు. మన రోడ్డు కారులో ఉండేవి మూడు చోట్ల పట్టి ఉంచే సీటు బెల్టు, ఎయిర్‌బ్యాగులు, ప్రమాద క్షణంలో బెల్టును బిగదీసే పరికరం. కొత్త సీటు వీటితో పొసగాలి. అందుకే ముందు బెల్టును, తర్వాత మన ఒంటిని, ఆపైన బిగింపును చూసుకోవాలి. బరువు, రంగు, పేరు వంటివి ఆ తర్వాతి సంగతి.

1. పాత సీటు ఏమేం పనులు చేస్తోందో ముందు తెలుసుకోండి

సీటు కింద టార్చిలైటు వేసి చూడండి. పసుపు రంగు ప్లగ్గుతో వైరు కనిపిస్తే అది సాధారణంగా ఎయిర్‌బ్యాగు వ్యవస్థకు చెందినదై ఉంటుంది. సీటు వీపు పక్కన ఎయిర్‌బ్యాగు అని రాసిన చిన్న గుడ్డ ముక్క కుట్టి ఉంటే, పక్కనుంచి దెబ్బ తగిలినప్పుడు ఛాతీని కాపాడే సంచి అందులోనే ఉన్నదన్న మాట. సీటు తీసేస్తే ఆ సంచీ పోతుంది. ఏ బకెట్ సీటైనా దాని స్థానాన్ని పూర్తిగా భర్తీ చేస్తుందని నేను అనుకోను.

డ్యాష్‌బోర్డులో వెలిగే హెచ్చరిక దీపాన్ని ఆర్పడానికి ఒక చిన్న రెసిస్టర్ పెడితే చాలని షెడ్డులో చెబుతారు. దానివల్ల దీపం ఆరుతుంది గాని, పోయిన సంచి తిరిగి రాదు. దీపాన్ని అలాగే వదిలేయడమూ మంచిది కాదు. చాలా కార్లలో ఆ దీపం వెలుగుతుండగా ముందున్న ఎయిర్‌బ్యాగులు కూడా పనిచేస్తాయన్న భరోసా ఉండదు. పక్క ఎయిర్‌బ్యాగు సీటులోనే ఉన్న కారుకు, ట్రాక్ మీద ఎప్పుడూ నడపని యజమానికి నా సలహా ఒకటే: పాత సీటునే ఉంచుకుని, మంచి కుట్టుపనివాడి చేత పక్కల ఫోమును గట్టిపరిపించుకోండి. అదీ ఎయిర్‌బ్యాగు విచ్చుకునే కుట్టు జోలికి పోకుండానే చేయాలి.

2. బెల్టు ఎక్కడికి వస్తుందో చూడండి

చాలా కార్లలో బెల్టును గుచ్చే బకిల్ నేలకు కాక సీటు చట్రానికే బిగించి ఉంటుంది. పాత సీటు బయటికి వస్తే బకిల్ కూడా వస్తుంది. కాబట్టి కొత్త సీటు కిందికి తీసుకునే బేస్ ఫ్రేములో బకిల్‌కు వేరుగా, మీ కారు నమూనా కోసమే తయారైన బిగింపు చోటు ఉండాలి. సన్నని రేకు పట్టీకి రంధ్రం చేసి బకిల్‌ను తగిలించడం ప్రాణంతో చెలగాటం. ఢీకొన్నప్పుడు మనిషి బరువుకు ఎన్నో రెట్ల బలం ఆ ఒక్క బోల్టు మీద పడుతుంది.

రెండో విషయం బెల్టు సాగే దారి. నడుము పట్టీ తుంటి ఎముకల మీద బిగుతుగా, కిందికి కూర్చోవాలి. బకెట్ సీటు పక్క గోడలు ఎత్తుగా ఉంటే పట్టీ వాటి మీదుగా ఎక్కి పొట్టపైకి వస్తుంది. అలాంటి స్థితిలో ప్రమాదం జరిగితే ఒళ్లు పట్టీ కిందుగా జారిపోయి, లోపలి అవయవాలకు దెబ్బ తగులుతుంది. మీ బెల్టు ఆ గోడల లోపలినుంచి గాని, వాటిలోని రంధ్రం గుండా గాని మెలిక పడకుండా రాగలగాలి. అలా రాని సీటు ఎంత ఖరీదైనదైనా మీ కారుకు పనికిరాదు.

నాలుగు పట్టీల హార్నెస్ వేసుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. తొడల మధ్య నుంచి వచ్చే పట్టీ లేని హార్నెస్‌లో భుజం పట్టీలు బిగిసేకొద్దీ నడుము పట్టీని పైకి, అంటే పొట్ట మీదికి లాగుతాయి. ఇక పంజరం లేని కారులో హార్నెస్‌తో కదలకుండా కట్టేసుకుంటే, కారు బోల్తాపడి పైకప్పు కుంగినప్పుడు ఒళ్లు పక్కకు వంగే వీలుండదు. అలాగని పంజరం వేయిస్తే, హెల్మెట్ లేని తలకు ఆ ఉక్కు గొట్టమే శత్రువవుతుంది. ముందుకు వంగి టోల్‌గేటు దగ్గర అద్దం దించుకోవడానికి, పక్కనుంచి వచ్చే ఆటోను తొంగిచూడడానికి కూడా హార్నెస్ అడ్డమే. రోడ్డు మీద కంపెనీ ఇచ్చిన బెల్టే వాడాలి. హార్నెస్ ట్రాక్ రోజుకు వేరుగా ఉండవచ్చు.

3. వీపు వాలేదా, వాలనిదా?

ఒకే ముక్కగా అచ్చుపోసిన స్థిరమైన సీటు, వీపు వెనక్కి వాలే సీటు అని ఇవి రెండు రకాలు. మొదటిది తేలిక, ఫైబర్‌గ్లాస్ డొప్ప 10 కిలోలకు అటూఇటూగా ఉంటుంది, కార్బన్ ఫైబర్ ఇంకా తేలిక. విద్యుత్తుతో కదిలే కంపెనీ సీటు దానికి రెండు మూడు రెట్లు తూగుతుంది. అయితే మూలమలుపుల్లో హాయినిచ్చే ఆ బిగుతే ఊరి రోడ్ల మీద బాధవుతుంది. ములుగు దాటి ఏటూరునాగారం వైపు వెళ్లేటప్పుడు ఊరూరా వచ్చే స్పీడ్ బ్రేకర్లను తలచుకోండి; గట్టిగా బిగించిన సస్పెన్షన్ మీద పలచని ఫోము ఉన్న డొప్ప ప్రతి కుదుపునూ వెన్నెముకకు అందిస్తుంది.

రెండు తలుపుల కారులో వెనక సీటు వాడేవారికి వాలని సీటు కుదరదు. ఇంట్లో ఇద్దరు వేర్వేరు ఎత్తులవాళ్లు ఒకే కారు నడుపుతుంటే కూడా వాలే రకమే మేలు. రికారో, స్పార్కో, బ్రైడ్ వంటి సంస్థలు రెండు రకాలూ తయారుచేస్తాయి. తలకు ఇరువైపులా రెక్కలున్న సీట్లను మాత్రం రోడ్డుకు అసలు తీసుకోవద్దు. హెల్మెట్ పెట్టుకున్న తలను ఆపడానికి ఉద్దేశించిన ఆ రెక్కలు కూడలిలో పక్క చూపును మూసేస్తాయి. కాజీపేట చౌరస్తాలో ఎటునుంచి ఏది వస్తుందో చూడలేని కారు నడపడం కంటే ఇంట్లో కూర్చోవడం నయం.

4. ఒంటిని, కారును రెండింటినీ కొలవండి

గోడకు వీపు ఆనించి గట్టి బల్ల మీద కూర్చుని, తుంటికి ఇరువైపులా రెండు లావుపాటి పుస్తకాలు ఆనించి, వాటి మధ్య దూరాన్ని టేపుతో కొలవమని ఇంట్లోవాళ్లను అడగండి. బల్ల నుంచి భుజం పైభాగం దాకా ఎత్తును, భుజాల వెడల్పును కూడా రాసుకోండి. సీటు కొలత పట్టికలో చూడవలసింది లోపలి వెడల్పు, అదీ ఫోముతో సహా. చొక్కా సైజునుబట్టి సీటు కొనడం నేను చేసిన తప్పు, మీరు చేయకండి.

కారులో తలుపు గడపకూ మధ్య కన్సోలుకూ మధ్య అత్యంత ఇరుకైన చోట కొలవాలి. సీటు బయటి వెడల్పుకు పక్క బ్రాకెట్ల మందం, బోల్టు తలలు, మన వేళ్లు దూరే సందు కలిపి లెక్కించాలి. తలపైన ఖాళీ చూసుకోవడం మరువవద్దు. ట్రాక్‌కు వెళ్లే ఆలోచన ఉంటే హెల్మెట్‌తో కొలవాలి.

ఆ తర్వాత వీలైతే ఆ సీటున్న కారులో అరగంటకు తగ్గకుండా కూర్చోండి. దుకాణంలో రెండు నిమిషాల్లో ఏ సీటైనా బాగానే ఉంటుంది. క్లచ్ పూర్తిగా నొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి, సీటు ముందు అంచు తొడ కింద నొక్కకూడదు, భుజాలు వీపుకు ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగు పైభాగాన్ని తాకాలి. పక్కటెముకల దగ్గర గట్టిగా నొక్కితే ఆ సీటు వదులుకోండి. ఫోము కాలక్రమంలో కొంత మెత్తబడుతుంది గాని, కింది డొప్ప ఎన్నటికీ వెడల్పు కాదు.

5. పై గుడ్డ

వేసవిలో రామగుండం, పెద్దపల్లి వైపు ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. నల్ల రెక్సిన్ సీటు మీద ఆ మధ్యాహ్నం కూర్చున్నవారికి వివరించనవసరం లేదు. గాలి ఆడే నేత గుడ్డ తీసుకోండి, దుమ్ము కనబడని బూడిద రంగైతే మరీ మంచిది.

6. నకిలీని గుర్తించండి

అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య, అంటే ఎఫ్.ఐ.ఏ., ఆమోదించిన సీటుకు ప్రమాణం సంఖ్య, తయారీ తేదీ ఉన్న చీటీ అతికించి ఉంటుంది. 8855-1999 ప్రమాణపు సీటు పోటీల్లో 5 సంవత్సరాలు, 8862-2009 సీటు 10 సంవత్సరాలు చెల్లుతుంది. రోడ్డు మీద ఆ గడువును ఎవరూ అడగరు. అయినా పాత సీటు కొనేటప్పుడు ఆ తేదీ ఉపయోగపడుతుంది: అది ఎంత కాలం నాటిదో, ఎన్ని దెబ్బలు తిన్నదో ఆలోచింపజేస్తుంది. ఫైబర్‌గ్లాస్ డొప్పలో గుడ్డ కింద వెంట్రుకవాసి పగులున్నా పైకి తెలియదు, కనుక కవరు తీసి, బోల్టు రంధ్రాల చుట్టూ వేలితో తడిమి చూడాలి. ప్రసిద్ధ సంస్థ పేరు ఉండి, చీటీ లేకుండా, సగం ధరకే దొరికే సీటు ఏమిటో వేరుగా చెప్పక్కరలేదు.

7. బిగింపు

సీటు ఎంత మంచిదైనా కింది ఫ్రేము బలహీనమైతే అంతా వృథా. మీ కారు నమూనాకే తయారైన, కంపెనీ రంధ్రాలకే సరిపడే బేస్ ఫ్రేమును సీటుతోపాటే తెప్పించుకోండి. ఆటోనగర్‌లో చేయి తిరిగిన వెల్డర్లు ఉన్నారు. వాళ్ల నైపుణ్యం మీద నాకు గౌరవం ఉంది. కాని దెబ్బ బలానికి పరీక్షించని చట్రం మీద కూర్చోవడం వేరే సంగతి. పోటీ కార్లలో సీటు ఆధారాలకు ఉక్కయితే కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 8 మిల్లీమీటర్ల బోల్టులు కనీసం 4 ఉండాలని ఎఫ్.ఐ.ఏ. నియమం, దానికంటే పలచనిది కనబడితే తిరస్కరించండి.

పాత సీటు తీసేముందు తాళం ఆపి, బ్యాటరీ తీగ విప్పి, కొన్ని నిమిషాలు ఆగాకే పసుపు ప్లగ్గును ముట్టుకోవాలి. కొత్త సీటు బిగించాక, సీటు జరిగే పట్టాల రెండు వైపులా లాక్ పడుతోందో లేదో ముందుకూ వెనక్కూ బలంగా తోసి చూడండి. ఒక వారం తిరిగాక బోల్టులన్నీ టార్క్ రెంచితో (బిగువును కొలిచి చూపే రెంచి) మళ్లీ సరిచూసుకోండి.

8. కాగితాలు, పాత సీట్లు

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షను వాహన మార్పులకు హద్దులు పెడుతుంది. తయారీదారు ఇచ్చిన నమూనాకు విరుద్ధమైన మార్పులు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. వెనక సీటు పీకేసి బరువు తగ్గించుకుంటే ఆర్.సి.లో రాసిన కూర్చునేవారి సంఖ్య తప్పవుతుంది, ఆ పని చేయవద్దు. ముందు సీట్లు మార్చే ఆలోచనను రవాణా శాఖ కార్యాలయంలోనూ, బీమా సంస్థకూ రాతపూర్వకంగా తెలిపి, జవాబు చేతికి వచ్చాకే డబ్బు ఖర్చుపెట్టండి.

తీసిన సీట్లను అమ్ముకోవద్దు. కారు అమ్మే రోజున కొనేవారు వాటినే అడుగుతారు. ఎయిర్‌బ్యాగు ఉన్న సీటును ఎండకూ నిప్పుకూ దూరంగా, నిటారుగా, మందపాటి పట్టాతో చుట్టి అటక మీద కాక నేలకు కాస్త ఎత్తున ఉంచండి. నా పాత సీట్ల ఫోములో వడ్ల బస్తాల గదిలోని ఎలుకలు ఒక్క వానాకాలంలోనే కాపురం పెట్టాయి.