మార్చి మొదట్లో రెండు రోజులు: తేలినీలాపురం గూడబాతులు, బారువ తాబేళ్లు

శ్రీకాకుళం తీరానికి జనం ఎక్కువగా కార్తీక మాసం పిక్నిక్కులకు వస్తారు. సముద్రం, సరుగుడు తోటలు, కొబ్బరి బొండాలు అప్పుడూ బాగానే ఉంటాయి గానీ తాబేలు మాత్రం ఉండదు. టెక్కలి దగ్గరి తేలినీలాపురం అనే ఊళ్లో గూళ్లు కట్టే గూడబాతులు (పెలికాన్లు), కొంగలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో దిగి మార్చి, ఏప్రిల్ దాకా ఉంటాయి. బారువ ఒడ్డున ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టేది ఎక్కువగా జనవరి నుంచి మార్చి వరకు. ఆ గుడ్లు పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఈ లెక్కలన్నీ ఒకచోట కలిసేది ఫిబ్రవరి ఆఖరు నుంచి మార్చి మూడో వారం వరకే. గూళ్లలో ఎదిగిన పక్షిపిల్లలు, ఒడ్డున తాబేలు పిల్లలు ఒకే ప్రయాణంలో కనిపించే రోజులవి.

బస టెక్కలిలో గానీ పలాస-కాశీబుగ్గలో గానీ పెట్టుకోండి. శ్రీకాకుళంలో పడుకుని తెల్లారి బయల్దేరితే తేలినీలాపురానికే గంటన్నర దాకా పడుతుంది, మంచి వెలుగు దారిలోనే అయిపోతుంది. రైల్లో వచ్చేవాళ్లు నౌపడ జంక్షన్‌లో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. పక్షుల దగ్గరికి పోయే ఆటోని తిరుగు ప్రయాణానికి కూడా బేరం చేసుకుని అక్కడే ఉంచుకోవాలి. వెనక్కి రావడానికి ఆ ఊళ్లో బండి దొరుకుతుందని నమ్ముకోవద్దు.

తేలినీలాపురం

ఉదయం ఆరున్నరకల్లా అక్కడుండాలి. గూడబాతు నాలుగు నుంచి ఆరు కిలోల పక్షి. అంత బరువుని రెక్కలాడిస్తూ దూరం మోసుకుపోవడం దానికి కష్టం, అందుకే నేల వేడెక్కి గాలి పైకి లేచేదాకా కాచుకుంటుంది. తొమ్మిది, పది గంటల మధ్య ఒక్కొక్కటే లేచి, రెక్క కదపకుండా గుండ్రంగా తిరుగుతూ ఎత్తుకు పోయి, అక్కడినుంచి మేతకు జారుకుంటాయి. ఆ చుట్లు తిరగడం చూడదగ్గ దృశ్యం. పదకొండు గంటలకు వచ్చినవాళ్లకు మిగిలేది పిల్లలు, ఎండ, రెట్ట వాసన. సాయంత్రం నాలుగు నుంచి అయిదున్నర మధ్య పెద్దవి మేత మోసుకుని తిరిగొస్తాయి. రోజుకు ఈ రెండు పూటలే.

బైనాక్యులర్ ఎనిమిది రెట్లది చాలు. ఎనిమిది ఇంటూ నలభైరెండు అని రాసి ఉన్నది తెచ్చుకోండి. పది రెట్లది కొత్తవాళ్ల చేతిలో వణుకుతుంది, బొమ్మ నిలవదు. కొమ్మల మీద బూడిదరంగులో, గడ్డం కింద సంచి వేలాడుతూ కనిపించేది గూడబాతు. పసుపుపచ్చ ముక్కు, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు ఉన్నది పెయింటెడ్ స్టార్క్ అనే కొంగ. దాని పిల్లల్లో ఆ గులాబీ ఉండదు, మట్టిరంగులో ఉంటాయి. చాలామంది వాటిని వేరే జాతి అనుకుని ఫొటోల కింద తప్పు పేరు రాస్తుంటారు.

చెట్టు కిందికి మాత్రం పోవద్దు. నెత్తిన రెట్ట పడటం చిన్న సంగతి. మనిషి కిందికి వస్తే పెద్ద పక్షి లేచిపోతుంది, గూట్లో పిల్ల ఎండకు మాడుతుంది, తడబడి కింద పడుతుంది. పడిన పిల్లను ఎత్తకుండా అక్కడున్న అటవీశాఖ సిబ్బందికి చూపించండి. మరో సంగతి: చెట్లు కొన్ని ఎండిపోయి కనిపిస్తే అది తెగులు కాదు, ఏళ్ల తరబడి పడిన రెట్ట ఘాటుకు ఆకులూ కొమ్మలూ మాడిపోతాయి.

వీటిని సైబీరియా పక్షులు అనడం మన దగ్గర అలవాటు. గూడబాతు గానీ పెయింటెడ్ స్టార్క్ గానీ దక్షిణాసియా పక్షులే, నీళ్లూ చేపలూ చూసుకుని ఇక్కడిక్కడే తిరుగుతాయి. నిజంగా ఉత్తర ధ్రువం వైపు మంచు ప్రాంతాల నుంచి వచ్చేవి నౌపడ ఉప్పుమడుల బురదలో పిడికెడంత ఉండే ఉల్లంకి పిట్టలు. వాటికోసం కారు ఆపేవాళ్లు అరుదు. తేలినీలాపురం నుంచి తిరిగొస్తూ ఉప్పుమడుల పక్కన అరగంట ఆగండి. మడుల గట్లు పైకి గట్టిగా కనిపిస్తాయి, కాలు పెడితే మోకాలి దాకా దిగుతాయి. గట్టు తెగితే కూలివాళ్ల వారం రోజుల పని పోతుంది. వాళ్లని అడగకుండా ఎక్కొద్దు.

బారువ

మధ్యాహ్నం ఎండ తగ్గాక ఉద్దానం మీదుగా బారువ చేరండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పడగొట్టిన కొబ్బరి, జీడి తోటల ప్రాంతమే ఇది. మళ్లీ నాటిన మొక్కల ఎత్తుని చూస్తే ఎక్కడెక్కడ దెబ్బ తగిలిందో తెలిసిపోతుంది. దారిలో చోడి (రాగి) అంబలి దొరికితే వదలొద్దు.

మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోట స్నానానికి దిగకండి. ఆటు సమయంలో నదినీళ్లు లోపలికి లాగుతాయి. ఎవరైనా కొట్టుకుపోతే ఒడ్డు వైపు ఎదురీదితే అలసిపోవడమే, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది లాగుడు దాటాక ఒడ్డుకు తిరగాలి.

తాబేళ్ల కోసం ముందుగా అటవీశాఖ కార్యాలయంలోనో, గుడ్ల సంరక్షణ కేంద్రంలో పనిచేసే స్థానిక మత్స్యకారుల దగ్గరో మాట్లాడుకోండి. రాత్రి పూట సొంతంగా తీరం వెంట తిరగొద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు ఇది, గుడ్లను కదిలించినా నేరమే. పిల్లలు ఏ రోజు బయటికొస్తాయో ముందే కచ్చితంగా చెప్పలేరు, ఇసుక వేడిని బట్టి రోజులు అటూ ఇటూ అవుతాయి. కాబట్టి వాళ్లకు ఫోన్ నంబరు ఇచ్చి, వీలైతే రెండు రోజుల మీద ఇంకో రోజు కలుపుకుని, బారువకు రెండు ఉదయాలు ఖాళీగా ఉంచుకోండి. ఒక్క ఉదయమే పెట్టుకుంటే ఉత్త చేతులతో తిరిగిరావచ్చు.

గుడ్లు ఒక్కో గుంటలో సుమారు వంద, లోతు మోచేతి మించదు. కాపలా వాళ్లు గుడ్లను తీసి కేంద్రంలో పాతేటప్పుడు గమనిస్తే, ఏ గుడ్డునీ తిప్పరు. పెట్టిన కొద్ది గంటల తర్వాత లోపలి పిండం పెంకుకు అతుక్కుంటుంది, అప్పుడు గుడ్డు తిరగబడితే పిండం చచ్చిపోతుంది. ఇసుక బాగా వేడైతే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువ పుడతాయి.

పిల్లల్ని వదిలేది తెల్లవారుజామున, లేదా పొద్దు గుంకే వేళ. అయిదు గంటలకల్లా ఒడ్డుకు చేరండి. సెల్‌ఫోన్ తెర ఆర్పేయండి, ఫ్లాష్ అసలు వద్దు. పిల్ల ఎటు వెలుగుంటే అటు పాకుతుంది, చీకట్లో సముద్రం మీది ఆకాశమే దానికి దారి. బండి హెడ్‌లైటు వేస్తే వెనక్కి తిరిగి రోడ్డెక్కుతుంది. తప్పనిసరైతే ఎర్ర కాగితం కట్టిన టార్చి వాడొచ్చు. పిల్లల దారికి అడ్డం నడవకండి. మన అడుగు గుంట మనకు ఏమీ కాదు, దానికి మాత్రం గొయ్యి. అందులో పడి తిరగబడితే కాకి ఎత్తుకుపోతుంది. చేత్తో తీసి నీళ్లలో విసరొద్దు, అంత దూరం పాకి పోవాల్సింది అదే.

ఒడ్డున పెద్ద తాబేలు చచ్చి పడి ఉంటే చూసి భయపడకండి, దాన్ని కదపకండి, కాపలా వాళ్లకు చోటు చెప్పండి. తాబేలుకు ఊపిరితిత్తులే, మొప్పలు లేవు. వలలో చిక్కుకుని పైకి రాలేకపోతే మునిగి చస్తుంది.

శ్రీకూర్మం గుడిలో పెంచే నక్షత్ర తాబేళ్లకూ వీటికీ పోలిక లేదు. అవి మెట్ట తాబేళ్లు, ఈదలేవు. ఎక్కడైనా అలాంటిది దొరికితే పుణ్యం కోసం నీళ్లలో వదలొద్దు.

తిరుగు దారిలో తీరిక ఉంటే కళింగపట్నం దీపస్తంభం, ఆ దగ్గర్లోనే వంశధార ఒడ్డున శాలిహుండం చూడండి. 1919లో గిడుగు రామమూర్తి గుర్తించిన బౌద్ధ స్తూపాల కొండ అది. పురావస్తు శాఖ మ్యూజియంలకు శుక్రవారం సెలవు, ఆ రోజు పెట్టుకోవద్దు. కొండమీద నీడ తక్కువ, నీళ్ల సీసా దగ్గరుండాలి.

మార్చి కుదరనివాళ్లు జూన్ తర్వాత ఇచ్ఛాపురం వైపు తేలుకుంచికి వెళ్లొచ్చు. వానలతో పాటు ఓపెన్‌బిల్ కొంగలు దిగి ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి. ముక్కు మూసినా మధ్యలో సందు ఉండేవి అవే, నత్తల్ని ఒలుచుకు తినడానికి. ఇళ్ల మధ్యే గూళ్లు కాబట్టి అక్కడ మొదట మనుషుల్ని పలకరించి, తర్వాత కెమెరా తీయండి. గొడుగు వానకే కాదు, కొమ్మల కిందా పనికొస్తుంది.