కింద గది తీసుకుంటున్నారా? ముందు పైకప్పు చూడండి

పోయిన ఆదివారం ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. బొబ్బిలి నుంచి ఒడిశాలోని సిమిలిగుడకు వచ్చి నెలన్నర. "అన్నా, గదిలో ఊట పుట్టింది" అన్నాడు. వెళ్లి చూస్తే మంచం కోళ్ల కింద ఇటుకలు, స్టూలు మీద బియ్యం బస్తా. గోడకు కొత్తగా వేయించిన వాటర్‌ప్రూఫ్ పెయింటు అప్పడాల్లా పొంగి లేచింది. నాకు నవ్వు రాలేదు. నేను వచ్చిన ఏడాది చేసిందీ ఇదే.

సాలూరు ఘాటీ ఎక్కి సునాబెడ, కొరాపుట్ వైపు వచ్చే మనవాళ్లకు గ్యాసు, స్కూలు, సంతలో ఒడియా బేరం గురించి నేను చెప్పక్కర్లేదు. వాటంతటవే వస్తాయి. నేను చెప్పేది నీళ్ల సంగతి. ఇక్కడ చాలా ఇళ్లు వాలు మీద కట్టినవి. ముందువైపు రోడ్డుకు సమానంగా ఉంటే, వెనకవైపు కింద ఇంకో గది ఉంటుంది. దాని ఒక గోడకు అవతల అంతా మట్టే. అద్దె తక్కువ కాబట్టి కొత్తవాళ్లకు దొరికేది అదే.

నా గదిలో నీళ్లు వచ్చినప్పుడు ఇంటాయన "కిచ్చి హెబొ నాహి" అని చెయ్యి ఊపేసి వెళ్లాడు. ఏమీ కాదట! నేను నేల పగలగొట్టించి మళ్లీ సిమెంటు చేయించుకున్నాను. జీతం సగం పోయింది, నీళ్లు పోలేదు. చివరికి ఒక ముసలి మేస్త్రీ వచ్చి, గదిలోకి కూడా రాకుండా బయటే నిలబడి పైకి చూశాడు. చూరు కింద రేకు కాలువ నిండా నీలగిరి ఆకులు. పైపు మూతిలో చెయ్యి పెట్టి లాగితే నానిన చింతపండులా నల్లటి ముద్ద వచ్చింది. కింద పైపును పక్కకు తిప్పే బెండు ఎప్పుడో ఊడిపోయింది. కప్పు నీళ్లన్నీ సరిగ్గా నా గోడ మొదట్లోనే పడుతున్నాయి.

లెక్క వేసుకోండి. 600 చదరపు అడుగుల కప్పు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 2,800 లీటర్లు. అంటే 20 లీటర్ల క్యాన్లు 140, ఒకే మూల కుమ్మరించినట్టు. లోపల ఎంత పెయింటు వేస్తే ఏం లాభం?

కాబట్టి మే నెలలోనే కాలువ శుభ్రం చేయించండి. వానల మధ్యలో ఇంకోసారి. మూతికి జాలీ పెట్టినా ఆకులు దాని మీద పేరుకుంటాయి, చూస్తూ ఉండాల్సిందే. బకెట్ నీళ్లు పోసి, కింద ఎంత ధారగా వస్తున్నాయో చూడండి. ఆస్‌బెస్టాస్ రేకు మీద మాత్రం కాలు పెట్టకండి, విరుగుతుంది. నిచ్చెన కింద ఒకరిని పట్టుకోమనండి. పైపు చివర గోడకు కనీసం ఆరడుగుల అవతల, పల్లం వైపు ఉండాలి. పక్కింటి గోడ మీదికి వదిలితే అది ఇంకో తగువు. గోడ మొదట్లో మట్టి గుంటపడి ఉంటే నింపి, బయటికి వాలు పెట్టండి. ఇంటాయన చేయిస్తాడని కూర్చోవద్దు బాబూ, పైపు ముక్క మీరే కొనుక్కోండి!

వాన మొదలైన కాసేపటికే నీళ్లొచ్చి, వెలిసాక తగ్గిపోతే అది చాలావరకు కప్పు నీళ్లే. వెలిసి రెండు మూడు రోజులైనా కారుతూనే ఉంటే కొండ వాలు నుంచి దిగుతున్న నీరు కావచ్చు. దానికి పైపు చాలదు, గది మారండి.

సరే, మరీ టెన్షన్ పడకండి. చెమ్మ ఆరడానికి మాత్రం చలికాలం దాకా పడుతుంది.

ఆ తమ్ముడికి ఆదివారమే పైపు ముక్క తగిలించాం. బుధవారం రాత్రి పెద్ద వాన. ఫోన్ రాలేదు. ఉండబట్టలేక నేనే చేశాను. నిద్రపోతున్నాడట.